చదువు నడుమన పని విడత

సంపాదకులకు నమస్కారం.

మా వీధిలో ఉండే ఒక పిల్లవాడు బీటెక్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి, నాలుగో ఏడాది మొదలయ్యే ముందు ఒక కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కాలేజీకి ఇవ్వాల్సిన నివేదికకు దాన్ని జతచేయాలట. నివేదికలో ఏం రాయాలో చెప్పమని అడిగాడు. హైదరాబాద్‌లోని ఒక సంస్థలో ఎనిమిది వారాలు శ్రద్ధగా శిక్షణ పొందినట్లు ఆ కాగితం మీద అచ్చయి ఉంది. కింద సంతకం, ముద్ర ఉన్నాయి. ఆ ఎనిమిది వారాలూ అతడు మిర్యాలగూడ దాటలేదని, పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్ల నాన్న ఎరువుల దుకాణంలోనే కూర్చున్నాడని నాకు తెలుసు. అడిగితే దాచలేదు. "పదిహేను వందలు కడితే ఇచ్చిండ్రు పెద్దనాయనా. మా క్లాసుల సగం మందిమి అట్లనే తెచ్చుకున్నం" అన్నాడు.

అతణ్ని కోప్పడడానికి నాకు నోరు రాలేదు. ఆ ఎనిమిది వారాల్లో అతడు బస్తాల లెక్క చూశాడు, అరువు ఖాతాలు రాశాడు, ఏ రైతుకు ఎప్పుడు డబ్బు చేతికొస్తుందో, ఏ తెగులుకు ఏ మందు అడుగుతున్నారో తెలుసుకున్నాడు. చేసిన పనిని చదువు లెక్కలోకి తీసుకునేవారు లేరు, చేయని పనికి మార్కులు పడుతున్నాయి. ఇందులో ఆ పిల్లవాడి తప్పు ఎంత, మనం పెట్టిన ఏర్పాటు తప్పు ఎంత అని నేను చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచనతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇతర దేశాల విశ్వవిద్యాలయాల్లో కో-ఆపరేటివ్ విద్య, వాడుకలో కో-ఆప్, అనే పద్ధతి నూరేళ్లకు పైగా నడుస్తోంది. కో-ఆపరేటివ్ అనగానే మనకు సహకార బ్యాంకు, పాల సొసైటీ గుర్తుకొస్తాయి గానీ ఇక్కడ సంగతి వేరు. విశ్వవిద్యాలయం, పని ఇచ్చే సంస్థ, విద్యార్థి ముగ్గురూ ఒప్పందం చేసుకుని నడిపే చదువు కనుక దానికి ఆ పేరు వచ్చింది. అందులో కొన్ని నెలలు తరగతి, తర్వాత కొన్ని నెలలు జీతంతో ఉద్యోగం, మళ్లీ తరగతి, మళ్లీ ఉద్యోగం, ఇలా వంతులవారీగా చదువు సాగుతుంది. ఉద్యోగం చేసే కాలాన్ని వర్క్ టర్మ్ అంటారు. నేను దాన్ని పని విడత అంటాను.

ఈ పద్ధతి గురించి ఎవరో చెప్పగా విని రాయడం లేదు. నేను 1979లో పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో కెమికల్ శాండ్‌విచ్ డిప్లొమాలో చేరాను. మామూలు డిప్లొమా మూడేళ్లయితే మాది మూడున్నర ఏళ్లు. నడుమ ఆరేసి నెలల చొప్పున రెండుసార్లు ఫ్యాక్టరీలో శిక్షణ ఉండేది. అలా 1981లో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక సిమెంటు కర్మాగారం ల్యాబులో షిఫ్టు కుర్రవాడిగా అడుగుపెట్టాను. చదువయ్యాక ఆ వృత్తిలోనే ఉద్యోగం దొరికింది, అందులోనే 2021లో పదవీ విరమణ చేశాను.

ఆ ల్యాబులో నా పని చిన్నది. గంటకొకసారి రా మిల్లు దగ్గరికి పోయి, మెత్తగా నూరిన రాతిపొడి నమూనా తెచ్చి, అర గ్రాము తూచి, కొలత ప్రకారం ఆమ్లం పోసి మరిగించి, చల్లార్చి, రంగు చూపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి క్షారం వదలాలి. లేత గులాబీ రంగు తిరిగి నిలబడ్డ చోట ఎంత క్షారం పడిందో చూసి, దాన్నిబట్టి పొడిలో సున్నపురాయి పాలు లెక్కకట్టి, ఆ అంకెను పుస్తకంలో రాయాలి.  ఇదే టైట్రేషన్ కాలేజీ ల్యాబులో ఎన్నోసార్లు చేశాను. అక్కడ అంకె ఎంత రావాలో మాకు ముందే తెలుసు. రాకపోతే పక్కవాడి నోటుబుక్కు ఉండనే ఉంది.

మూడో వారంలో ఒక రాత్రి, మూడు గంటల నమూనాకు అంకె బాగా తక్కువ వచ్చింది. నేనే ఎక్కడో పొరపాటు చేసి ఉంటానని అనుకున్నాను. నిద్ర ముంచుకొస్తోంది, మళ్లీ చేయడానికి బద్ధకించి, రెండు గంటల అంకెనే కొంచెం మార్చి రాసేశాను. షిఫ్టు కెమిస్టు నడివయసు మనిషి, ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పుస్తకం చూసి, నా ముఖం చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "మళ్ల తూకం వెయ్యి. నేను ఈడనే కూసుంట" అన్నాడు. మళ్లీ చేస్తే అంకె ఇంకా తగ్గింది. ఆయన వెంటనే మిల్లుకు ఫోను చేయించాడు. సున్నపురాయి తొట్టిలో తడిరాయి ఇరుక్కుని మిల్లుకు రాయి సరిగా పోవడం లేదని అప్పుడు తేలింది. సున్నం తక్కువైన పొడి అలాగే కిల్న్‌లోకి, అంటే పొడిని కాల్చే కొలిమిలోకి, పోయి ఉంటే లోపల కరుగు ఎక్కువై ఇటుకల గోడకు ముద్దలుగా అంటుకుంటుందనీ, కాలి వచ్చే క్లింకర్ గడ్డల బలం తగ్గుతుందనీ ఆయన తెల్లవారాక టీ తాగుతూ చెప్పాడు. నన్ను తిట్టలేదు. తప్పుడు అంకెను నా చేతనే కొట్టివేయించి, పక్కన సరైన అంకె రాయించి, దాని పక్కన తన పొడి సంతకం పెట్టాడు.

ఆ రాత్రి ఒక్కటే అయితే అది అనుభవం అనిపించుకునేది, అక్కడితో అయిపోయేది. నా అదృష్టం ఏమిటంటే, ఆరు నెలల తర్వాత నేను మళ్లీ తరగతి గదికి వెళ్లాను. లైమ్ శాచురేషన్ ఫ్యాక్టర్ అనే పాఠం అప్పుడు వచ్చింది. సున్నం, సిలికా, అల్యూమినా, ఇనుము ఏ పాళ్లలో ఉండాలో చెప్పే ఆ సూత్రాన్ని మాస్టారు బోర్డు మీద రాస్తుంటే నాకు ఆ తొట్టి, ఆ తడిరాయి, ఆ గులాబీ రంగు కళ్లముందు కనబడ్డాయి. శిక్షణకు ముందు ఎన్నడూ నోరు విప్పని మేము ఆ సెమిస్టరులో మాస్టారిని ప్రశ్నలతో నిలబెట్టేవాళ్లం. నేను చెప్పదలచుకున్నది ఇదే: పనికి పోవడం ఎంత ముఖ్యమో, పని చూసి తిరిగి తరగతికి రావడం అంతకంటే ముఖ్యం. అందుకే పని విడత చదువు నడుమన ఉండాలి. చదువంతా అయ్యాక చివరి సెమిస్టరులో పంపితే తెచ్చుకున్న ప్రశ్నలు అడగడానికి మాస్టారు ఉండరు, తరగతి ఉండదు.

ఈ పద్ధతికి ఆద్యుడు హెర్మన్ ష్నైడర్. అమెరికాలో అధ్యాపకుడిగా ఉన్నప్పుడు, తమ విద్యార్థుల్లో బాగా రాణించినవారు చదువుకుంటూ ఏదో ఒక పని చేసినవారేనని ఆయన గమనించాడు. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో దీన్ని మొదలుపెట్టాడు. ఇద్దరిద్దరిని జతలు చేసి, ఒకడు ఒక వారం కార్ఖానాలో ఉంటే రెండోవాడు తరగతిలో ఉండేలా, మరుసటి వారం ఇద్దరూ తావులు మార్చుకునేలా ఏర్పాటు చేశాడు. ఆ ఏర్పాటులోని తెలివిని గమనించాలి. కార్ఖానాలో ఆ స్థానం ఒక్క వారమైనా ఖాళీగా ఉండదు కనుక యజమాని దాన్ని నిజమైన ఉద్యోగంగా లెక్కపెట్టుకోగలిగాడు. బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం 1909లో ఈ దారి పట్టింది.

కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయం 1957లో పుట్టుకతోనే ఈ పద్ధతితో పుట్టింది. మా అన్న బిడ్డ అక్కడ ఇంజనీరింగ్ చదివింది కాబట్టి దాని నడక నాకు కొంత వివరంగా తెలుసు. అక్కడ ఏడాదిని నాలుగేసి నెలల మూడు విడతలుగా విడదీస్తారు: జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో విడత మొదలవుతుంది. ఇంజనీరింగ్‌లో చేరినవారిని రెండు పాయలు చేస్తారు. ఒక పాయ నాలుగు నెలల చదువు తర్వాతే మొదటి పనికి వెళ్తే, రెండో పాయ ఎనిమిది నెలల చదువు తర్వాత వెళ్తుంది. అందువల్ల ఏడాది పొడవునా ఎవరో ఒకరు పనిలో, ఎవరో ఒకరు తరగతిలో ఉంటారు. డిగ్రీ పూర్తికావడానికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు పడుతుంది. ఆ లోపల విద్యార్థి అయిదు, ఆరు పని విడతలు చేస్తాడు, అంటే దాదాపు రెండేళ్ల ఉద్యోగం.

పని ఎవరో చేతిలో పెట్టరు. విశ్వవిద్యాలయం నడిపే వెబ్‌సైటులో సంస్థలు ఉద్యోగాలు ప్రకటిస్తాయి, విద్యార్థులు దరఖాస్తు చేస్తారు, ఇంటర్వ్యూలకు వెళ్తారు. ఇంటర్వ్యూలయ్యాక సంస్థ తనకు ఎవరు ముందు, ఎవరు తర్వాత కావాలో వరుస చెబుతుంది. విద్యార్థి కూడా తనకు ఏ ఉద్యోగం ముందు కావాలో వరుస చెబుతాడు. రెండు వరుసలనూ కంప్యూటర్ జతచేస్తుంది. మొదటి దఫాలో దొరకనివారికి తర్వాతి దఫాలుంటాయి. మా అమ్మాయికి మొదటి విడతలో చివరి వారం దాకా దొరకలేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల అర్ధరాత్రి మా అన్నకు ఫోను చేసి ఏడ్చింది. కాబట్టి అక్కడ అంతా పూలబాట అని నేను అనడం లేదు. అయితే అయిదో విడతకు వచ్చేసరికి ఆ పిల్ల ఇంటర్వ్యూకు భయపడడం మానేసింది, జీతం గురించి తానే మాట్లాడుకోవడం నేర్చుకుంది.

పని విడత నడిచే కాలంలో విశ్వవిద్యాలయం చేతులు దులుపుకోదు. సంస్థలో పై అధికారి విడత చివర విద్యార్థి పనికి లిఖితపూర్వకంగా విలువ కడతాడు. విద్యార్థి నివేదిక రాయాలి. ఇవి లేకుంటే ఆ విడత డిగ్రీ లెక్కలోకి రాదు. కెనడాలో కో-ఆప్ అనే పేరు పెట్టుకోవాలంటే పాటించాల్సిన ప్రమాణాలున్నాయి: పనికి జీతం ఉండాలి, విద్యార్థి చూస్తూ నిలబడకుండా ఉత్పత్తిలో చేయి పెట్టాలి, ఒక్కో విడత కనీసం 12 వారాలు ఉండాలి, యాజమాన్యం పర్యవేక్షించాలి, విద్యాసంస్థ ఆరా తీస్తుండాలి. ఒంటారియో ప్రభుత్వం కో-ఆప్ విద్యార్థిని పెట్టుకున్న సంస్థకు ఒక్కో విడతకు 3,000 డాలర్ల వరకు పన్ను రాయితీ ఇస్తుంది.

ఈ షరతుల్లో జీతం గురించి కొంత ఆగి చెప్పాలి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు ఎవరు పోగలరు? హైదరాబాద్‌లో రెండు నెలలు హాస్టల్ అద్దె, తిండి ఖర్చు ఇంటి నుంచి పంపగలిగినవారి పిల్లలు పోగలరు. మన పాలమూరు నుంచి తరతరాలుగా కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని ఆనకట్టల పనికి, ముంబై, పుణె కట్టుబడి పనులకు వలస పోయాయి. దేశంలో కట్టిన పెద్ద ప్రాజెక్టుల్లో పాలమూరు లేబర్ చెమట పడని చోటు తక్కువ. అలాంటి ఇంటి నుంచి మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లకు సెలవుల్లో ఉచితంగా పనిచేసి రమ్మని చెప్పడం న్యాయం కాదు. ఆ పిల్ల సెలవుల్లో పత్తి ఏరడానికో, బట్టల దుకాణానికో పోతుంది, కాగితం మాత్రం డబ్బు పెట్టి కొనుక్కుంటుంది. నెలకు ఎనిమిది, తొమ్మిది వేలు చేతికొచ్చే పని విడత ఉంటే ఆ ఇంట్లో చదువు మాన్పించే మాట కూడా వెనక్కి పోతుంది.

మన దేశానికి ఇది కొత్త కాదు. పిలానీలోని బిట్స్ 1973లోనే ప్రాక్టీస్ స్కూల్ పేరుతో దీన్ని ప్రారంభించింది: రెండో సంవత్సరం తర్వాత రెండు నెలలు, చివరి ఏడాదిలో అయిదున్నర నెలలు. మన పాలిటెక్నిక్‌లలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఇప్పటికీ ఉంది. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి సాధారణ డిగ్రీలోనూ పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చట్టమూ ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం, 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. నెలకు కనీస స్టైపెండ్ పట్టభద్రులకు 9,000 రూపాయలు, డిప్లొమావారికి 8,000 రూపాయలుగా ఆ నిబంధనలు పెట్టాయి. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద ఈ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. డిగ్రీ లోపలే అప్రెంటిస్‌షిప్‌ను కలపడానికి యూజీసీ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. మరో సంగతి, అప్రెంటిస్‌గా నమోదైనవాడికి పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత యజమానిది అని ఆ చట్టంలోనే ఉంది. నోటిమాట మీద ఫ్యాక్టరీలోకి పోయిన ఇంటర్న్‌కు ఆ రక్షణ ఎక్కడిది? సాల్వెంట్లు అనే ద్రావక రసాయనాలు వాడే మందుల ఫ్యాక్టరీకి పిల్లలను పంపేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఇక మన జిల్లాల సంగతి. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. పాలమూరు విశ్వవిద్యాలయం నుంచి జడ్చర్ల దగ్గరి పోలేపల్లి మందుల ఫ్యాక్టరీలు ఎంత దూరం? నల్లగొండ కెమిస్ట్రీ విద్యార్థికి చౌటుప్పల్ చుట్టుపక్కల రసాయన పరిశ్రమలున్నాయి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ల్యాబులున్నాయి. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం ఉంది. కామర్స్ విద్యార్థికి మిర్యాలగూడ రైసుమిల్లుల ఖాతాలకంటే మంచి పాఠం ఏముంటుంది? ధాన్యం కొనుగోలు, కస్టమ్ మిల్లింగ్ లెక్క, జీఎస్టీ, గోనెసంచుల ఖాతా, లారీ కిరాయి అన్నీ ఒకే గుమాస్తా బల్ల మీద కనిపిస్తాయి.

అయితే చిక్కు ఎక్కడుందంటే, మన కాలేజీలన్నీ పిల్లలను ఒకేసారి, ఎండాకాలం సెలవుల్లో, బయటికి పంపుతాయి. మే నెలలో ఫ్యాక్టరీ గేటు ముందు గుంపు, జూన్ దాటితే ఒక్కరూ ఉండరు. నేను ల్యాబు ఇన్‌ఛార్జిగా ఉన్న రోజుల్లో ఒక మే నెలలో నలభై మంది పిల్లలు వచ్చారు. వాళ్లకు నేనేం నేర్పగలను? హెల్మెట్లు కూడా సరిపోలేదు. రెండు రోజులు తిప్పి చూపించి సంతకాలు పెట్టి పంపేశాం. ఆ సంతకాల్లో నావీ ఉన్నాయి, అందుకు నాకు ఇప్పటికీ బాధే. అదే ఏడాది పొడవునా ఇద్దరిద్దరు చొప్పున, నాలుగు నెలలకొక జత వస్తూ పోతూ ఉంటే నేను వాళ్లకు ఒక షిఫ్టు అప్పగించగలిగేవాణ్ని, యాజమాన్యమూ జీతానికి ఒప్పుకొనేది. మిల్లుల్లో వానాకాలం ధాన్యం అక్టోబరు నుంచి, యాసంగి ధాన్యం ఏప్రిల్ నుంచి వస్తుంది. పని నిండుగా ఉన్న ఆ నెలల్లో మన పిల్లలు తరగతి గదుల్లోనో, పరీక్ష హాళ్లలోనో ఉంటారు. ఒకే క్లాసును రెండు పాయలుగా విడదీయకుండా, క్యాలెండరును మార్చకుండా పనిని మాత్రం పెంచాలని చూస్తే జరిగేది కాగితాల వ్యాపారమే.

దీనికి అడ్డుపడే చిన్న చిన్న లెక్కలు ఎన్నో ఉన్నాయని నాకు తెలుసు. పని విడతలో ఉన్న పిల్లకు హాజరు ఎలా వేస్తారు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోతుందా? సంక్షేమ హాస్టల్‌లో ఉన్న అమ్మాయి నాలుగు నెలలు జడ్చర్లలో పనిచేస్తే ఆమె మంచం వేరేవాళ్లకు ఇచ్చేస్తారా, తిరిగొస్తే ఇస్తారా? కాలేజీ రూటుకు ఇచ్చిన బస్ పాస్ ఫ్యాక్టరీ రూటుకు పనికొస్తుందా? ఇవి పెద్ద సభల్లో ఎవరూ మాట్లాడని ప్రశ్నలు. కానీ తల్లిదండ్రులు మొదట అడిగేవి ఇవే. వీటికి జీవోలో జవాబు రాయకుండా పని విడతను తప్పనిసరి చేస్తే, బీద పిల్లలే మొదట నష్టపోతారు.

ఇది ఫ్యాక్టరీలకు చౌక కూలీలను అప్పగించడం కాదా అని కొందరు అధ్యాపక మిత్రులు నాతో వాదించారు. ఆ భయం నిజమే. నాలుగు నెలలూ ఒకే యంత్రం దగ్గర సీసాలకు మూతలు పెట్టించి పంపేవాళ్లు ఉంటారు. అందుకే పర్యవేక్షించే మనిషి కావాలి. ఏడాదికి ఒకసారి ఫొటో దిగి వచ్చే కమిటీ అందుకు చాలదు. ప్రతి విభాగంలో ఒక అధ్యాపకుడికి తరగతుల భారం తగ్గించి, పని విడతల బాధ్యతే అప్పగించాలి. ఆయన విడతలో కనీసం రెండుసార్లు పని చోటికి పోయి, పిల్లలతో విడిగా మాట్లాడి, పని పేరుకు తగ్గట్టు లేకపోతే విడతను అక్కడితో ఆపి పిల్లను వేరే చోటికి మార్చగలగాలి. ఆ అధికారం లేని కో-ఆర్డినేటర్ ఉన్నా లేకున్నా ఒకటే. అమ్మాయిలను రాత్రి షిఫ్టుకు వేయడం, రవాణా, వేరే మరుగుదొడ్డి లాంటివి ఒప్పందంలోనే రాసుకోవాలి.

రాష్ట్రం 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీని తెచ్చింది. మంచిదే. కానీ నైపుణ్యం అక్కడికి, చదువు ఇక్కడికి అని పంచుకుంటే మన రెండు విశ్వవిద్యాలయాలు ఎప్పటిలాగే మిగిలిపోతాయి. ఒకేసారి అన్ని కోర్సుల్లోనూ పెట్టమని నేను కోరడం లేదు. నల్లగొండలో ఒక కెమిస్ట్రీ తరగతి, మహబూబ్‌నగర్‌లో ఒక కామర్స్ తరగతి, ఒక్కోదానిలో ముప్పై మంది. వాళ్లను పదిహేనేసి మందిగా రెండు పాయలు చేసి, రెండో సంవత్సరం నుంచి నాలుగేసి నెలల రెండు విడతలు పెట్టి, చట్టం ప్రకారం అప్రెంటిస్‌లుగా నమోదు చేసి, స్టైపెండ్ వాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడేలా చూసి, తిరిగొచ్చిన ప్రతిసారీ మొదటి వారం వాళ్లు తెచ్చిన ప్రశ్నలకే కేటాయించి, మూడేళ్లు నడిపి చూడమని ఇద్దరు ఉపకులపతులనూ మీ పత్రిక ద్వారా అభ్యర్థిస్తున్నాను.

నా 1981 నాటి శిక్షణ డైరీ ఇంకా నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది, లోపలి పేజీలు బాగానే ఉన్నాయి. ప్రతి వారం ఏం చేశాం, ఏం అర్థం కాలేదు, ఎవరిని అడిగాం అనే మూడు గడులు అందులో ఉండేవి. వారానికొకసారి ఫ్యాక్టరీవారు, నెలకొకసారి మా మాస్టారు సంతకం పెట్టేవారు. ఆ రాత్రి మూడు గంటల తప్పుడు అంకె, దాని మీద గీత, పక్కన కెమిస్టు పొడి సంతకం కూడా అందులోకి ఎక్కించుకున్నాను. పని విడతలకు డైరీ నమూనా తయారుచేయదలిస్తే ఏ కాలేజీకైనా దాన్ని తెచ్చి చూపిస్తాను. బస్సు చార్జీ కూడా అడగను.

ఇట్లు,
విశ్రాంత సిమెంటు ల్యాబు ఉద్యోగి,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా